బాత్‌లో సీసపు రేకులు

ఇంగ్లాండ్‌లోని బాత్ చూశాను. అక్కడ భూమిలోంచి రోజుకు పది లక్షల లీటర్లకు పైగా వేడినీళ్లు ఉబుకుతాయి. రోమన్లు ఆ నీటి మీదే స్నానశాలలు కట్టారు. అందరూ ఫోటోలు తీసుకుంటుంటే నేను సీసపు రేకుల దగ్గర ఆగిపోయాను. ఆ నీళ్లలో ఇలాంటివి దాదాపు 130 దొరికాయి. సొమ్ము పోయినవాళ్లు సులిస్ దేవతకు రాసుకున్న ఫిర్యాదులవి. దొంగ బానిసైనా, స్వేచ్ఛ ఉన్నవాడైనా వదలొద్దని కొన్నిటిలో వేడుకున్నారు. అంటే, ఏది పోయినా అనుమానితుల్లో బానిస ఉండాల్సిందే.

ఊరి పైన కొండ మీద బెక్‌ఫర్డ్ టవర్ ఉంది. 1827లో పూర్తయింది. ఆ కుటుంబం సంపద జమైకా చెరకు తోటల్లో బానిసల చాకిరీతో పోగైంది. 1833లో బానిసత్వం రద్దు చట్టం చేసిన బ్రిటన్, యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం కేటాయించింది. బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు. పైగా జమైకాలో 1838 దాకా పాత యజమానుల దగ్గరే పని చేయించారు.

బట్ట పోతే దేవతకు ఫిర్యాదు. బానిసలు పోతే సర్కారు పరిహారం. తరతరాల శ్రమ పోయినవాళ్ల గోడు ఏ రేకు మీదా లేదు.

రిజర్వేషన్ల వల్ల మాకు అన్యాయం జరిగిందని మీ క్లాసులో ఎవరైనా అంటే, ఈ లెక్క చెప్పండి. జై భీమ్.