బంతి అందని బౌలర్

కొత్త బడిలో చేరిన మొదటి వారం ఆటలో చోటు దొరకదు. ఆ సంగతి మీకు నేను చెప్పాలా! గొల్లపల్లి నాకు ఆరో ఊరు. ఇక్కడ గట్టు మీద కూర్చుని ఆట చూసే కొత్త పిల్లలు కనిపిస్తే నాకు గోవిందరాజ్ గుర్తొస్తారు.

దేవరాజ్ గోవిందరాజ్ హైదరాబాద్ ఫాస్ట్ బౌలర్. 1971లో వాడేకర్ జట్టుతో వెస్టిండీస్ వెళ్లారు, అదే ఏడాది ఇంగ్లండూ వెళ్లారు. రెండు దేశాల్లోనూ మనం సిరీస్ గెలవడం అదే మొదటిసారి. మొత్తం 8 టెస్టులు. ఒక్కదానిలోనూ ఆయనకు చోటు రాలేదు.

అప్పట్లో మన బలమంతా స్పిన్. అబిద్ అలీ, సోల్కర్ కొత్త బంతితో కొన్ని ఓవర్లు వేసి, దాని మెరుపు కాస్త తగ్గగానే బేడీ, వెంకటరాఘవన్‌ల చేతికి ఇచ్చేవారు. పైగా ఆ ఇద్దరూ బ్యాటింగ్ చేయగలరు. ఇక అచ్చమైన ఫాస్ట్ బౌలర్‌కి పనేముంది? విచిత్రమేమంటే, అబిద్ అలీదీ హైదరాబాదే!

అదే ఊరి జయంతిలాల్‌కు ఒక్క టెస్టు దక్కింది, 5 పరుగులు. రికార్డు పుస్తకంలో ఆయనకు ఒక వరుస ఉంది. గోవిందరాజ్‌కు అదీ లేదు. కెరీర్ లేదంటే మాత్రం నేను ఒప్పుకోను. తిరిగొచ్చాక రంజీలో హైదరాబాద్ తరఫున మళ్లీ బౌలింగ్‌కి దిగారు.