మావారి నడిపి తుపాకులు

మా అత్తయ్యకి ముగ్గురు కొడుకులు. పెద్దబావగారంటే ఇంట్లో అందరికీ భయం, గౌరవం. చిన్నాయనంటే ముద్దు. మావారు నడిపివారు. అన్నగారి చొక్కాలు వేసుకుని, తమ్ముడు కోరిందల్లా ఇచ్చేసి పెరిగిన మనిషి. ఇదంతా ఎందుకంటే, ఈయన తుపాకుల పిచ్చి మీకు అర్థం కావాలంటే ముందు ఈ సంగతి తెలియాలి.

అవునండీ, తుపాకులే. మేముండేది టెక్సాస్‌లో, శాన్ ఆంటోనియో దగ్గర. సిటిజన్‌షిప్ వచ్చిన ఏడాది ఎవరో స్నేహితుడు ఈయన్ని షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్ళాడు. సాలెపురుగుని చీపురుతో నెట్టి బయట వదిలే మనిషి, ఆర్నెల్లకి రివాల్వర్ కొనుక్కొచ్చారు. అదైనా అందరూ కొనేది కాదు. .41 మాగ్నమ్.

పోలీసులూ వేటగాళ్ళూ వాడిన రివాల్వర్ తూటాల్లో .357 మాగ్నమ్ 1935లో వచ్చింది. .44 మాగ్నమ్ 1955లో వచ్చింది. ఒకటి కాస్త చాలదు, ఇంకొకటి చేతిని విరగ్గొడుతుంది, మధ్యలో ఒకటుంటే బాగుండునని ఎల్మర్ కీత్ లాంటివాళ్ళు పోరుపెడితే, 1964లో రెమింగ్టన్ వాళ్ళు తూటా, స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు తుపాకీ తయారుచేశారు. పుట్టుకలో ఆఖరిదైనా కొలతలో నడిపిది. పోలీసుల కోసమని మోడల్ 58 అని నగిషీలేమీ లేని రివాల్వర్ కూడా చేశారు. మా ఊరి పోలీసులు కూడా కొన్నాళ్ళు వాడారట. కానీ బరువు ఎక్కువ, వెనక్కి తన్నే దెబ్బ ఎక్కువ అని చాలా చోట్ల వద్దనుకున్నారు. ఈలోగా 1971లో డర్టీ హ్యారీ సినిమా వచ్చి జనమంతా .44 వెంటపడ్డారు. నడిపివాణ్ణి అడిగే దిక్కు లేదు.

"పాపం దీనికేం తక్కువ చెప్పు? .44 అని పిలుస్తారే, దాని గుండు వెడల్పు నిజానికి 0.429 అంగుళాలే. ఇది చూడు, పేరెంతో కొలతంతే, 0.410" అంటారీయన. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో నన్నెప్పుడూ ఇంతలా వెనకేసుకొచ్చింది లేదు.

ఒకటి కాస్తా నాలుగయ్యాయి. రూగర్ బ్లాక్‌హాక్, చెక్కపెట్టెలో మోడల్ 57, ఓ మోడల్ 58, ఇంకోటి. దుకాణాల్లో ఈ తూటాలు దొరకడం అరుదు, దొరికినా ఖరీదు. అందుకని కాల్చిన ఇత్తడి గొట్టాలు పారెయ్యకుండా ఏరుకొచ్చి, గ్యారేజీలో తనే మళ్ళీ మందూ గుండూ పెట్టుకుంటారు. మా అమ్మమ్మ ఉగ్గుగిన్నె కొలతకి పెట్టినంత జాగ్రత్త ఆ మందు తూకానికి. ఆ గొట్టాలు తళతళలాడాలని ఓ యంత్రంలో వేసి గంటలకొద్దీ తిప్పుతుంటే, పక్కింట్లో ఎవరో గారెలకి పిండి రుబ్బుతున్నారనుకున్నాను మొదట్లో. గుళ్ళలో సీసం ఉంటుంది కదా, రేంజ్ నుంచి రాగానే గ్యారేజీలోనే చేతులూ మొహం కడుక్కుని, మైలబట్టల్లా ఆ బట్టలు అక్కడే విడిచి లోపలికి రావాలి. ఈ షరతు నాది. రెండో షరతు ఇనప్పెట్టె. మా అబ్బాయి అప్పటికి చిన్నవాడు. తుపాకులన్నీ అందులో, తూటాలు వేరే బీరువాలో, పెట్టె అంకెలు ఆయన ఒక్కరికే తెలియాలి.

రెండేళ్ళ క్రితం ఈయన ఉద్యోగం పోయింది. మొదటి నెల బాగానే ఉన్నారు. మూడో నెలకి నాతో మాటలు తగ్గాయి. రాత్రి పదకొండింటికి గ్యారేజీలో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. యంత్రం ఆగి ఉంది, బల్ల మీద ఏమీ లేదు, ఊరికే కూర్చుని ఉన్నారు. ఈ దేశంలో తుపాకీతో పోయేవాళ్ళలో సగం కంటే ఎక్కువమంది ఎవరో కాల్చి కాదు, తమంతట తామే పోతారని ఎప్పుడో చదివాను. ఆ రాత్రి అదే గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ పెట్టెకి తాళం పిల్లాడి కోసమే అనుకున్నాను.

వారం రోజులు మింగలేక కక్కలేక ఉన్నాను. అడిగితే అవమానపడతారేమో, లేని ఆలోచన నేనే పెట్టినదాన్నవుతానేమో. ఆఖరికి ఓ పొద్దున్న కాఫీ గ్లాసు చేతికిస్తూ, "ఏమండీ, ఆ పెట్టె అంకెలు మార్చి కొన్నాళ్ళు నా దగ్గర పెట్టుకుంటాను" అన్నాను. ఎందుకని అడగలేదు. కాఫీ తాగి లేచారు. అంకెలు ఎలా మార్చాలో చూపించి, నేను కొత్తవి నొక్కుతుంటే ఏటీఎం దగ్గర నిలబడ్డట్టు అటు తిరిగి నిలబడ్డారు. తర్వాత డాక్టరు దగ్గరికి కూడా వెళ్దామంటే కాదనలేదు.

ఎనిమిదో నెలలో ఉద్యోగం వచ్చింది. జీతం తక్కువే, మనిషి మాత్రం తేరుకున్నారు. ఓ రోజు పప్పు తాలింపు వేస్తుంటే వెనకొచ్చి, "నేనే ఇచ్చేద్దామనుకున్నాను, ఎలా చెప్పాలో తెలీలేదు" అన్నారు. దేని గురించో అడగక్కర్లేకపోయింది. పోపు మాడిపోయింది.

అంకెలు తిరిగి ఇస్తానంటే, "నీ దగ్గరే ఉండనీ" అన్నారు. అందుకని శనివారాలు పెట్టె తీయడానికి నన్ను పిలవాలి. అత్తయ్యకి ఫోన్లో చెప్తే, "తాళాలు కోడలి దగ్గరుండటమే మంచిది" అన్నారు, బంగారం సంగతి అనుకుని.

పోయిన నెల నేనూ రేంజ్‌కి వెళ్ళాను. నా కోసం మందు తగ్గించి చేసిన తూటాల డబ్బా మీద తెలుగులో "మెత్తనివి" అని రాసి తెచ్చారు. చెవులకి మూతలు, కళ్ళకి అద్దాలు. ఆరు గదుల్లో ఒక్క దాంట్లోనే తూటా పెట్టి ఇచ్చారు. మెత్తనిదట! మణికట్టు నుంచి భుజం దాకా ఝల్లుమంది. కాగితం మీద ఎక్కడా చిల్లు లేదు. "ఇంకోటి పెట్టండి" అన్నాను.

ఇంటికొచ్చాక గ్యారేజీలో ఇద్దరం చేతులు కడుక్కున్నాం. ఈసారి విడిచిన బట్టలు రెండు జతలు.