వెనక నుంచి నెట్టిన బండి

ఈసారి కాస్త పొడుగ్గా రాస్తున్నాం, తీరిక చూసుకుని చదవండి.

మా ఇంటి పిల్లవాడు రాత్రిపూట బైపాస్ మీద బైకు పందెం వేసి చెయ్యి విరగ్గొట్టుకున్న సంగతి మీలో చాలామందికి తెలుసు. తిట్టాం. తాళంచెవి లాక్కున్నాం. వాళ్ల తాత నడిపిన పాత పికప్‌ మీద చెయ్యి వేస్తాడేమోనని షెడ్డుకూ తాళం వేశాం. కట్టుతో మంచం మీద ఉన్నన్నాళ్లూ వాడు ఫోనులో అమెరికా పాత పందేలు చూశాడు. పక్కన కూర్చుని మేమూ చూశాం.

1925లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టి కారుకు వెనక తొట్టి బిగించి పికప్‌గా అమ్మింది. ధర 281 డాలర్లు. ఇంజను బలం 20 హార్స్ పవర్. సరుకు మోసుకోవడానికి రైతులూ చిన్న వ్యాపారులూ కొన్నారు. కొన్నేళ్లకు ఆ కాలపు ఫోర్డు బండ్లు పాతబడి చవగ్గా దొరికాయి. చేతిలో డబ్బులేని కాలిఫోర్నియా కుర్రాళ్లకు అదే అదను. మడ్‌గార్డులు పీకి బరువు తగ్గించారు. 1932లో 65 హార్స్ పవర్ ఫోర్డ్ వి-8 వచ్చాక, పాడైన బండ్లలోంచి ఆ ఇంజను తీసి తమ బండికి ఎక్కించుకున్నారు. హాట్ రాడ్ అనే పేరు ఇలాంటి బండ్లకే వచ్చింది. వాటిలో పికప్‌లూ ఉన్నాయి. అయితే తొట్టి ఖాళీగా ఉంటే వెనక చక్రాల మీద బరువు చాలదు, ఒక్కసారిగా తొక్కితే టైర్లు ఉన్నచోటే తిరుగుతాయి. ఆ తంటా కూడా వాళ్లు పడి నేర్చుకున్నదే.

పందేలు మ్యూరాక్ అనే ఎండిన సరస్సులో జరిగేవి. నాలుగైదు బండ్లు ఒకేసారి పరిగెత్తితే ముందు బండి దుమ్ములో వెనకవాడికి దారి కనిపించేది కాదు, ప్రమాదాలు జరిగేవి. 1937లో కొన్ని క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ పెట్టుకున్నాయి. మన సంఘం లాంటిదే అనుకోండి. నియమాలు పెట్టి, వేగం కొలిచి, లెక్క రాశారు. 1951లో వాలీ పార్క్స్ జాతీయ హాట్ రాడ్ సంఘాన్ని స్థాపించారు. వీధుల్లో పందేలు వేసే కుర్రాళ్లను తీసుకొచ్చి భద్రమైన చోట పరిగెత్తించడం దాని పని.

మాకు గట్టిగా తగిలింది ఇంకొకటి. అత్యధిక వేగం కోసం గేర్లు అమర్చిన బండి నిలబడ్డచోటి నుంచి తనంతట తాను కదలడం కష్టం. చాలావాటికి స్టార్టరు కూడా ఉండదు. అందుకని ఒక పికప్ వెనక నుంచి నెట్టుకుంటూ పోతుంది. ముందు బండి ఇంజను అందుకోగానే పికప్ తప్పుకుంటుంది. రికార్డు ముందు బండిదే.

మన కోయంబత్తూరులో కరివర్ధన్ గారు చేసిందీ అలాంటి పనే. మారుతి ఇంజనుతో తక్కువ ఖర్చులో రేసు కార్లు తయారుచేయించి కొత్తవాళ్లకు దారి వేశారు. చెట్టిపాళెం రేసు ట్రాకుకు ఆయన పేరే పెట్టారు. అది మన ఊరి పక్కనే ఉన్నా, పిల్లవాణ్ణి ఒక్కసారి కూడా అక్కడికి తీసుకెళ్లకుండా, బైపాస్ మీదకి ఎందుకు వెళ్లావని అడిగాం. మా తప్పు అక్కడ తెలిసింది.

షెడ్డు తాళం తీశాం. రోడ్డు మీద పందెం మాట ఎత్తకూడదు, ఇంజను కంటే ముందు బ్రేకులు బాగుచెయ్యాలి, ఇవీ మా షరతులు. వాడు ఒప్పుకున్నాడు.

మన సంఘంలో లేతు, వెల్డింగు షాపులున్న కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆదివారం రెండు గంటలు మన పిల్లలకు షాపు తెరిచి, పెద్దవాళ్లు ఒకరు పక్కన ఉండగలరా? వచ్చే సమావేశంలో చెప్పండి. మా వాడి చెయ్యి ఇంకా పూర్తిగా తిరగడం లేదు. బిగుసుకుపోయిన బోల్టులు ప్రస్తుతానికి మేమే విప్పుతున్నాం.