ఐదు గొంతుల శోకం

మన చెవికి పాటంటే ఒకే దారం. కృతి అయినా, లలితగీతమైనా ఒకరు పాడతారు, వయొలిన్ వెనకే నడుస్తుంది, తంబురా శ్రుతి పట్టుకుని ఉంటుంది. ఎవరి వెంట వెళ్ళాలో వెతుక్కోనక్కర్లేదు. విలియమ్ బర్డ్ రాసిన 'నే ఇరాస్కారిస్ డోమినే' అనే లాటిన్ మోటెట్ దగ్గర ఈ అలవాటు పనిచెయ్యదు. అందులో ఐదు గొంతులు. ఒకరు ఒక పలుకు ఎత్తుకుంటారు. అది పూర్తికాకముందే ఇంకొకరు అదే పలుకుని వేరే స్థాయిలో అందుకుంటారు. అప్పటికి మొదటివాళ్ళు మరో చోటికి వెళ్ళిపోయుంటారు. అసలు పాట ఎవరిది, వంత ఎవరిది అంటే జవాబు లేదు. అందరిదీ అసలు పాటే. పాలిఫొనీ అంటే ఇదే.

1589లో లండన్‌లో అచ్చయిన సంపుటంలో ఈ మోటెట్ ఉంది. అప్పటి పద్ధతి ప్రకారం ఒక్కో గొంతుకి ఒక్కో విడి పుస్తకం. ఎవరి పుస్తకంలో వాళ్ళ వరస మాత్రమే ఉంటుంది. పక్కవాళ్ళు ఏం పాడుతున్నారో కాగితం మీద కనపడదు, వినాల్సిందే.

సాహిత్యం యెషయా గ్రంథంలోది. కోపం చాలించమని దేవుణ్ణి వేడుకోవడం మొదటి భాగం. పవిత్రనగరం పాడుబడిందని చెప్పుకోవడం రెండోది. బర్డ్ కాథలిక్కు. ఎలిజబెత్ రాణి సొంత ప్రార్థనామందిరంలో గాయకుడు కూడా. ఆ రాణి రాజ్యంలోనే కాథలిక్కుల పూజ నేరం. చర్చికి రానివాళ్ళ జాబితాలో అతని భార్య జూలియానా పేరు 1577 నుంచే ఉంది. 1581 చట్టంతో ఆ జరిమానా నెలకి 20 పౌండ్లయింది. అలాంటి రోజుల్లో పాడుబడ్డ యెరూషలేము గురించి పాడితే, ఎవరి ఊరి గురించి పాడుతున్నారో పాడేవాళ్ళకి తెలుసు. బైబిలు మాటలే కాబట్టి తప్పుపట్టడానికీ ఏమీ లేదు.

ఈ పాట వింటుంటే నాకు మా తాతయ్య పోయిన రోజు గుర్తొస్తుంది. మేనత్త "నాన్నా" అని ఎత్తుకునేది. ఆవిడ ఊపిరి తీసుకునేలోపు అమ్మ "మామయ్యా" అని అందుకునేది. ఇంకో మూల నుంచి చిన్నత్త. నాయనమ్మకి పిలవడానికి పేరు లేదు, పేరు పెట్టి ఎన్నడూ పిలిచింది కాదు కదా. ఉత్త రాగమే తీసేది. ఎవరి శోకం వాళ్ళదే. వాకిట్లో కూర్చున్నవాళ్ళకి మాత్రం అంతా కలిసి ఒక్కటే వినపడేది. తేడా లేకపోలేదు. బర్డ్ దగ్గర ఏ స్వరమూ యాదృచ్ఛికం కాదు, ప్రతి గొంతూ మిగతా నాలుగింటితో పొసిగేలా లెక్కకట్టి రాసిందే. కానీ ఒకరి దుఃఖం ఇంకొకరి దుఃఖానికి వంత కాకపోవడం రెండుచోట్లా ఉంది.

రెండో భాగం మధ్యలో, సియోను ఎడారైపోయిందని చెప్పేచోట, బర్డ్ ఈ అల్లికని ఆపేస్తాడు. అంతసేపూ ఎవరి దారిన వాళ్ళున్న గొంతులు ఒక్కచోటికి చేరి, ఒకే మాటని దాదాపు ఒకేసారి, అక్షరం వెంట అక్షరం పలుకుతాయి. అలంకారం ఏమీ లేదు. ఇన్నాళ్ళుగా వింటున్నా, అక్కడికొచ్చేసరికి చేస్తున్న పని ఆపేస్తాను. తరవాత యెరూషలేము పేరుతో గొంతులు మళ్ళీ విడిపోతాయి, పాడుబడిందన్న మాటనే చివరిదాకా తిప్పితిప్పి పాడతాయి.

ఈ రెండో భాగానికి ఇంగ్లీషు మాటలు పెట్టుకుని ప్రొటెస్టంటు చర్చిలూ పాడుకున్నాయి. ఎవరి వల్ల ఆ శోకం పుట్టిందో వాళ్ళ గుళ్ళలోనే అది స్థిరపడింది. దీన్ని బర్డ్ గెలుపనాలో, ఓటమనాలో నాకు తేలలేదు.

వినాలనుకుంటే ఒక సలహా: మొదటిసారి అన్నిటి కింద ఉన్న గొంతు ఒక్కటే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి. మర్నాడు ఇంకో గొంతు. మొత్తం తొమ్మిది నిమిషాలకి అటూ ఇటూ. ఐదు రోజుల పని.