నీలం రంగు చూస్తే నాకు భయం

నీ పనేంటని మెట్‌పల్లిలో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని ఊరుకుంటా. అసలు సంగతి చెప్పాలంటే, ఒక వస్తువు తయారు కాకముందే అది బరువు ఆపుతుందా, విరుగుతుందా అని లెక్కగట్టి చెప్పడం నా పని. దీన్ని ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ అంటారు. వస్తువు బొమ్మను సాఫ్ట్‌వేర్‌లో వేల చిన్న ముక్కలుగా విడగొడతాం. ఒక్కో ముక్క మీద ఎంత ఒత్తిడి పడుతుందో అది లెక్కిస్తుంది. చివరికి స్క్రీన్ మీద రంగుల బొమ్మ వస్తుంది. ఒత్తిడి ఎక్కువున్న చోట ఎరుపు, తక్కువున్న చోట నీలం.

కంపెనీ హైదరాబాద్‌లో ఉన్నా, నెలలో సగం రోజులు ఇంటి నుంచే పని. మొన్న పసుపు సీజన్‌లో ఒక సాయంత్రం బాపు నా వెనక నిలబడి స్క్రీన్ చూసిండు.

"ఏంది బిడ్డా, గిట్ల వంగింది? ఎర్రగ గూడ అయింది. ఇరుగుతదా?"

స్క్రీన్ మీద ఇనుప బ్రాకెట్ విల్లులా వంగి ఉంది. నిజానికి అది వంగింది అర మిల్లీమీటర్ కూడా కాదు. కంటికి కనబడాలని సాఫ్ట్‌వేర్ తనంతట తానే ఆ వంపును వందల రెట్లు పెంచి చూపిస్తుంది. స్కేల్‌ను 1కి మార్చగానే బ్రాకెట్ నిటారుగా నిలబడింది.

ఎరుపు సంగతీ అంతే. ఆ బొమ్మలో అన్నిటికంటే ఎక్కువ ఒత్తిడి ఎక్కడుంటే అక్కడ ఎరుపు వేస్తుంది. ఆ ఎక్కువ 5 మెగాపాస్కల్స్ కావచ్చు, 500 కావచ్చు. పక్కనున్న అంకెల పట్టీ చూడకుండా రంగు చూసి ఏమీ చెప్పలేం. పైగా లోపలి మూల పదునుగా ఉంటే అక్కడ ముక్కల్ని ఎంత చిన్నవి చేస్తే ఒత్తిడి అంత పెరుగుతూ పోతుంది, ఎక్కడా ఆగదు. అది ఇనుము గుణం కాదు, లెక్క గుణం. నిజం వస్తువులో ఉండే గుండ్రటి అంచును మోడల్‌లో కూడా పెడితే అంకె ఒక చోట నిలబడుతుంది.

ఇంకొన్ని తిప్పలు ఒట్టి స్క్రీన్‌వి. బొమ్మ మీద నల్ల మచ్చలు వస్తాయి. రెండు ఉపరితలాలు ఒకే చోట ఉంటే రంగులు మినుకుమినుకుమంటాయి. కొత్తవాళ్లు కంగారుపడి మళ్లీ రాత్రంతా లెక్క నడిపిస్తారు. అంత అవసరం లేదు. అవే ఫలితాలను ఇంకో కంప్యూటర్‌లో తెరవండి, లేదా అంకెల జాబితా తీసి చూడండి. అంకెలు సరిగ్గా ఉంటే రోగం బొమ్మ చూపించే తీరుది, లెక్కది కాదు.

ఇవన్నీ చిరాకు పెట్టేవే కానీ ప్రాణం తీసేవి కావు. నన్ను భయపెట్టింది అదే వారం వచ్చిన ఇంకో ఫైల్. ఒక ఫ్యాక్టరీలో 1,200 కిలోల మోటార్‌ను మోసే ప్లాట్‌ఫాం. దాని పక్కనే మనుషులు నిలబడి పనిచేయాలి. వేరే ఆఫీసు వాళ్లు చేసిన లెక్క, మమ్మల్ని ఒకసారి చూడమన్నారు. బొమ్మంతా చల్లగా నీలం. అత్యధిక ఒత్తిడి 31 మెగాపాస్కల్స్. మామూలు స్ట్రక్చరల్ స్టీల్ 250 దాకా తట్టుకుంటుంది. "సేఫ్" అని రిపోర్ట్ కూడా రాసేశారు.

నేను బొమ్మ పక్కన పెట్టి రియాక్షన్లు కూడా. అంటే కాళ్ల దగ్గర నేల పైకి ఎంత నెడుతోందో ఆ బలాల మొత్తం. పైన ఎంత బరువు పెట్టామో కింద అంతే రావాలి. 1,200 కిలోలంటే దాదాపు 11,772 న్యూటన్లు. వచ్చింది 1,200. కిలోల అంకెనే న్యూటన్ల గడిలో కొట్టేశారు. అసలు బరువు పెడితే 31 కాస్తా 304 అయింది. ఎక్కడా ఎర్రర్ మెసేజ్ లేదు, వార్నింగ్ లేదు. సాఫ్ట్‌వేర్ అడిగిన లెక్క తప్పులేకుండానే చేసింది.

వాళ్లు దూలాల సైజు పెంచి మళ్లీ పంపారు. ఆ ప్లాట్‌ఫాం మీద నిలబడే మనుషులకు ఇదంతా ఎప్పటికీ తెలియదు.

నార్వేలో ఇలాంటిది ఆగకుండా జరిగిపోయింది. 1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర స్లీప్‌నర్-ఎ అనే చమురు ప్లాట్‌ఫాం కాంక్రీట్ పునాదిని పరీక్ష కోసం నీళ్లలోకి దించుతుంటే గోడ పగిలి మొత్తం మునిగిపోయింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు. కారణాల్లో ముఖ్యమైనది ఫైనైట్ ఎలిమెంట్ లెక్కే. కీలకమైన చోట ముక్కలు సరిగ్గా చేయకపోవడంతో షియర్ ఒత్తిడి 47 శాతం తక్కువగా వచ్చింది. తర్వాత జాగ్రత్తగా లెక్కేస్తే 62 మీటర్ల లోతులో పగలాలని తేలింది. నిజంగా పగిలింది 65 మీటర్ల దగ్గర. అంటే పద్ధతిలో లోపం లేదు, దాన్ని వాడిన తీరులో ఉంది.

ఈ సబ్జెక్టులో ప్రపంచమంతా చదివే పుస్తకాల్లో ఒకటి ఉస్మానియాలో ఇంజినీరింగ్ చదివిన జె.ఎన్. రెడ్డిది. 1984లో వచ్చింది. అందులోనూ చేత్తో చేయగలిగే చిన్న లెక్కలతోనే మొదలవుతుంది. మీరు ఈ లైన్‌లోకి వస్తుంటే నేను చెప్పేదీ అదే. రంగులు చూసేముందు రియాక్షన్లు కూడండి. యూనిట్లు చూడండి. ముక్కల్ని ఇంకా చిన్నవి చేసి అంకె నిలబడుతుందో లేదో చూడండి. ఒక్క దూలం లెక్కయినా కాగితం మీద వేయండి. అన్నీ కలిపి అరగంట పని.

నీలం ఫైల్ కథ బాపుకు చెప్తే ఆయనకు వింతేం అనిపించలేదు. "పసుపు కొమ్ముకు పైన మెరుపు పాలిష్‌తోని వస్తది బిడ్డా. ఇరిచి చూస్తెనే లోపల ఎండిందో పచ్చిగున్నదో తెలుస్తది," అన్నడు. పొద్దున్నే మార్కెట్ యార్డుకు పోవాలని పడుకున్నడు. నేను ఇంకో ఫైల్ తెరిచా. అది కూడా నీలంగానే ఉంది.