పసుపు రంగు వీధి

పట్టణాలకు పటాలు గీసేవాళ్ళు రంగులతో మాట్లాడతారు. పసుపు అంటే నివాసాలు, నీలం అంటే వ్యాపారం, ఊదా అంటే పరిశ్రమలు, ఆకుపచ్చ అంటే పార్కులూ ఆటస్థలాలూను. గోడకు తగిలించిన మాస్టర్ ప్లాను చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, సంక్రాంతి ముగ్గులో రంగులు నింపినట్టు. చిక్కల్లా ఏమిటంటే, ముగ్గు గీసిన చోట ఉండదు జీవితం. గడులు దాటి తిరుగుతూ ఉంటుంది.

మా వీధిది పసుపు రంగు. అంటే ఇక్కడ మేము కాపురాలు మాత్రమే చెయ్యాలి. కాపురానికి కావలసిన డబ్బు మాత్రం ఏ నీలం వీధికో వెళ్ళి సంపాదించుకు రావాలి.

ఇక మా వీధి వరస చెబుతాను వినండి. మొదటి ఇంట్లో పిండిమర. రెండో ఇంటివారు మేడమీద పిల్లలకు లెక్కలు చెబుతారు. మూడో ఇంటి ఇల్లాలు పొద్దున్న ఆరింటినుంచి తొమ్మిదింటిదాకా అరుగుమీద ఇడ్లీలు వేస్తుంది. ఎదురింట్లో రెండు కుట్టుమిషన్లు. వీధి మొగలో ఇస్త్రీ బల్ల. ముప్ఫయి నాలుగేళ్ళు బడిపంతులుగా పనిచేసి రిటైరయి ఊరికే కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే. అంచేత మా వీధిలో నిబంధన ప్రకారం నడుచుకునే పౌరుణ్ణి బహుశా నేనొక్కణ్ణే కాబోలు.

పోయిన ఏడాది మూడో ఇంటావిడ ఒక కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

“మాష్టారూ, ఇందులో ఏముందో కాస్త చదివి పెడతారా?”

చదివాను. నివాస ప్రాంతంలో అనుమతి లేకుండా సాగిస్తున్న వాణిజ్య కార్యకలాపాన్ని పదిహేను రోజుల్లో నిలిపివేయాలని ఉంది.

“వాణిజ్య కార్యకలాపం అంటే ఏమిటండీ?”

“నీ ఇడ్లీ పాత్రేనమ్మా!” అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. భర్త పోయి ఎనిమిదేళ్ళయింది. కొడుకు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. అత్తగారు మంచంమీద ఉంది. “బజార్లో కొట్టు అద్దెకు తీసుకోమంటారు. అడ్వాన్సు ఎవరిస్తారు? ఇచ్చారే అనుకోండి, నేను కొట్లో కూచుంటే లోపల ముసలావిడకు మంచినీళ్ళెవరిస్తారు మాష్టారూ?” అంది.

ఈ ప్రశ్నకు ఏ పటంలోనూ రంగు లేదు.

నేను ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదస్థుడే. కుర్చీ వేశాడు. “మాష్టారూ, నిబంధన నేను రాసింది కాదు. ఈ ప్లాను తయారైనప్పుడు నేను ఎలిమెంటరీ స్కూల్లో ఉన్నాను” అన్నాడు. రంగు మార్పించుకుంటే ఏమవుతుందని అడిగాను. భూమి వినియోగం మార్చాలంటే అర్జీ పురపాలక సంఘం గడప దాటి రాష్ట్ర ప్రభుత్వం దాకా వెళ్ళాలనీ, రుసుములు కట్టాలనీ చెప్పాడు. అరుగుమీది ఇడ్లీలకు అంత ప్రయాణమా!

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఈ రంగుల విభజన ఎవరో తిక్కపుట్టి పెట్టింది కాదు. ఫ్యాక్టరీల పొగ ఇళ్ళలోకి దూరి, మేడలు పక్కవాళ్ళ గాలీ వెలుతురూ మింగేసిన రోజుల్లో పుట్టింది. న్యూయార్కు నగరం 1916లో ఊరంతటికీ ఇలాంటి నిబంధనలు పెట్టింది. 1926లో అమెరికా సుప్రీంకోర్టు, ఊళ్ళకు ఈ అధికారం ఉందని తీర్పు చెప్పింది. మన వైపు మద్రాసు రాష్ట్రపు పట్టణ ప్రణాళికా చట్టం 1920 నాటిది. కోస్తా, రాయలసీమ పట్టణాలకు ఆ చట్టమే మూలం. ఆ అవసరం ఇప్పటికీ తీరలేదు. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్నంలో ఒక రసాయన కర్మాగారంనుంచి విషవాయువు లీకై, చుట్టుపక్కల ఇళ్ళలో నిద్రపోతున్నవాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అలాంటిదాన్ని ఇళ్ళకు దూరంగా ఉంచడానికే కదా ఊదా రంగు ఉన్నది!

కాని విషవాయువుకూ ఇడ్లీ ఆవిరికీ ఒకే కలం, ఒకే సిరా వాడితే ఎలా? మన ఊళ్ళలో ఇల్లు వేరు, పని వేరు అన్నది ఎన్నడుంది గనక! మంగళగిరికో పోచంపల్లికో వెళ్ళి చూడండి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది. ఇల్లంతా కలిసి నేస్తేనే చీర తయారవుతుంది. ఇల్లు నివాసానికి మాత్రమే అని అక్షరాలా పాటిస్తే ముందు మగ్గాన్ని వీధిలో పెట్టాలి.

మరో చిక్కు కొలతలది. మా వీధిలో ఇళ్ళు పదిహేనడుగుల వెడల్పు, నలభై అడుగుల పొడుగు. అంటే అరవయ్యారు గజాల పైచిలుకు. గోడకు గోడ ఆనించి తాతలు కట్టుకున్నవి. పెద్ద స్థలాలకు రాసిన నిబంధన తెచ్చి దీనికి తగిలించి, రెండు పక్కలా అయిదేసి అడుగులు ఖాళీ వదలమన్నారనుకోండి, మధ్యలో మిగిలేది అయిదడుగులు. అందులో మంచం వేస్తే మనిషి బయట నిలబడాలి, మనిషి లోపలుంటే మంచం బయట ఉండాలి. అంచేత జనం అనుమతి అడగడమే మానేస్తారు. రాత్రికి రాత్రి స్లాబు వేస్తారు. తరవాత ప్రభుత్వమే క్షమాభిక్ష పెడుతుంది. 2007 చివర ఉమ్మడి రాష్ట్రంలో అక్రమ కట్టడాలనూ లేఔట్లనూ డబ్బు కట్టించుకుని క్రమబద్ధం చేసే పథకాలు వచ్చాయి. విడిపోయాక రెండు రాష్ట్రాలలోనూ మళ్ళీ వచ్చాయి. క్లాసులో ఒకడు తప్పితే వాడికి చదువు రాలేదంటాం. క్లాసంతా తప్పితే ప్రశ్నపత్రం చూసుకోవద్దూ?

చూసుకున్నవాళ్ళు లేకపోలేదు. హైదరాబాదులో 2006లో వచ్చిన నిబంధనలు, స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పాత లెక్క తీసేసి, ముందున్న రోడ్డు వెడల్పునుబట్టీ వదిలే ఖాళీనిబట్టీ ఎత్తు నిర్ణయించాయి. తెలంగాణలో 2020 నాటి చట్టం డెబ్బయి అయిదు గజాల లోపు స్థలంలో ఒక అంతస్తు మేడ వరకూ కట్టుకోవడానికి అనుమతి అక్కర్లేదనీ, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలనీ చెప్పింది. జపానులో అన్నిటికంటె కట్టుదిట్టమైన నివాస ప్రాంతంలో కూడా, ఇంటిలో సగానికి మించకుండా, యాభై చదరపు మీటర్లు దాటకుండా చిన్న దుకాణం పెట్టుకోవచ్చు. ఒక స్థలంలో ఒకే కుటుంబానికి ఇల్లు అన్న నిబంధనను అమెరికాలోని మినియాపొలిస్ నగరం 2018లో వదులుకుని, మూడు వాటాల ఇళ్ళకు ఒప్పుకుంది. నిబంధన మారిస్తే ఆకాశం విరిగి మీద పడలేదు.

ఇలా ఉండగా మా ఊరికి కొత్త మాస్టర్ ప్లాను ముసాయిదా తయారైంది. అభ్యంతరాలూ సలహాలూ గడువులోగా రాసివ్వమని ప్రకటన వేశారు. నేను చదువుకున్న పిల్లలను నలుగురిని కూడగట్టి అర్జీ రాయబోయాను. అప్పుడు అడ్డు తగిలాడు నాలుగో ఇంటాయన.

“మీరంతా కలిసి వీధిని బజారు చేస్తారా? పిండిమరలో కారం ఆడించిన రోజున నా దగ్గు వినపడలేదూ మీకు? గుండెజబ్బువాణ్ణి. ఇవాళ ఇడ్లీ అంటారు, రేపు బారు వస్తుంది, ఎల్లుండి కల్యాణమండపం వస్తుంది. నా పసుపు రంగు నాకుండనివ్వండి” అన్నాడు.

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం ఏదీ లేదు. ఆ కారం ఘాటుకు మా ఆవిడ కూడా తలుపులు వేసుకుంటుంది. రెండు సాయంత్రాలు ఆయన అరుగుమీదే కూర్చుని మాట్లాడాం. చివరకు తేలిందేమిటంటే, ఆయనకు కోపం వ్యాపారంమీద కాదు, ఘాటుమీదా చప్పుడుమీదాను. ఇడ్లీలు ఆయన కూడా అక్కడే తెప్పించుకుంటాడు!

ఆ మాటమీదే అర్జీ తయారైంది. వృత్తి పేరు చూసి కాదనవద్దు, దానివల్ల పక్కవాడికి కలిగే బాధను కొలిచి కాదనండి అని రాశాం. ఇంటివాళ్ళే నడుపుకునే పని, ఇంట్లో కొంత భాగంలో, పగటి వేళల్లో, చప్పుడూ పొగా లేకుండా సాగితే దానికి రంగు మార్పిడి అడగవద్దన్నాం. కారం మరలాంటివాటికి వీధిలో కాక వేరే చోటు చూపించండన్నాం. బార్లూ మండపాలూ మా వీధిలోకి రానివ్వవద్దని స్పష్టంగా రాశాం. చిన్న స్థలాలకు చిన్న కొలతలు పెట్టమన్నాం. మొదటి సంతకం నాలుగో ఇంటాయనది. పిండిమరాయన కాస్త ముఖం ముడుచుకున్నాడు గాని, బియ్యప్పిండికి అడ్డు లేదని తెలిశాక తనూ చేశాడు.

విచారణ రోజున హాలు సగం ఖాళీ. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది పెద్ద స్థలాలవాళ్ళూ వాళ్ళ ప్లీడర్లూను. ఇడ్లీల ఇల్లాలు లేచి నిలబడి రెండే ముక్కలు చెప్పింది. “అయ్యా, తొమ్మిదింటికి నేను అరుగు కడిగేస్తాను. ఆ తరవాత మీరు వచ్చి చూస్తే అది ఇల్లే.” అధికారి రాసుకున్నాడు. తుది పటం వచ్చేదాకా నోటీసుమీద చర్య తీసుకోమని నోటిమాటగా చెప్పాడు. నోటిమాటకు ముద్ర ఉండదు. ఆవిడ ఇప్పటికీ ఆఫీసు జీపు చప్పుడు వినిపిస్తే చెయ్యి ఆపి వీధి మొగలోకి చూస్తుంది. పాలిటెక్నిక్ కుర్రాడికి ఇంకా ఒక ఏడు చదువు మిగిలింది. తుది పటం ఇంకా రాలేదు.

పట్టణ ప్రణాళిక, భూమి వినియోగం పురపాలక సంఘాలు చూసుకోదగ్గ పనులని 74వ రాజ్యాంగ సవరణ చెప్పి మూడు దశాబ్దాలు దాటింది. అది 1993లో అమలులోకి వచ్చింది. ఊరివాళ్ళు వెళ్ళి అడగకపోతే మాత్రం ఆ అధికారం కాగితంమీదే ఉంటుంది, పటం పాత రంగులతోనే ఉంటుంది.

కనక మీ ఊళ్ళో ముసాయిదా పటం గోడకెక్కిన రోజున గడువు చూసుకోండి, మీ వీధి ఏ రంగులో ఉందో వెతకండి. వెళ్ళేటప్పుడు మీతో ఏకీభవించే వాళ్ళనే కాదు, మీ వీధిలో నాలుగో ఇంటాయన ఎవరున్నారో చూసి ఆయన్ని కూడా వెంటబెట్టుకు వెళ్ళండి.