పూల లోయకు... మన కాళ్లే గైడు!

గుడారాలు మోయక్కర్లేదు. వంటవాళ్లను వెంటబెట్టుకోనక్కర్లేదు. దారి చూపేవాళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు. కాస్త నడిచే ఓపిక ఉంటే చాలు... హిమాలయాల్లోని ఓ జాతీయ పార్కును ఇంటిల్లిపాదీ సొంతంగా చూసి రావచ్చు. కాకపోతే, గైడు లేని చోట గైడు చేయాల్సిన పనులన్నీ ఎవరికి వారే చేసుకోవాలి!

ఏటా ఎంతోమంది తెలుగువాళ్లు బదరీనాథ్ వెళ్తుంటారు. రిషీకేశ్‌లో బస్సెక్కి, పంచప్రయాగలూ చూసుకుంటూ, జోషీమఠ్‌లో నరసింహస్వామికి దణ్ణం పెట్టుకుని ముందుకు సాగుతారు. ఇంకో పాతిక కిలోమీటర్లు వెళ్తే బదరీ వచ్చేస్తుందనగా అలకనంద ఒడ్డున గోవింద్‌ఘాట్ అనే చిన్న ఊరు కనిపిస్తుంది. యాత్రికుల బస్సులు చాలావరకూ అక్కడ ఆగవు. ఆగి, నది మీది వంతెన దాటి, అవతలి కొండల్లోకి నడిస్తే మాత్రం రెండోరోజుకల్లా కనిపించేది... కొన్ని కిలోమీటర్ల పొడవునా పూలు పరిచిన లోయ.

అదే ‘వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్’ జాతీయ పార్కు. ఉత్తరాఖండ్‌లోని చమోలీ జిల్లాలో 87.5 చదరపు కిలోమీటర్లలో ఉంది. 2005లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. హిమాలయాల్లో నడక అనగానే బరువైన సంచులు, తాళ్లు, మంచుగొడ్డళ్లు గుర్తొస్తాయి. ఇక్కడ అవేమీ ఉండవు. పర్మిట్ తీసుకుని రాళ్లు పరిచిన కాలిబాట పట్టుకుని వెళ్లడమే. ఎక్కడ ఆగాలో, ఏ పువ్వు దగ్గర ఎంతసేపు కూర్చోవాలో ఎవరూ చెప్పరు. తొందరపెట్టేవాళ్లూ ఉండరు.

గంటల చప్పుడు వింటూ...

గోవింద్‌ఘాట్ నుంచి పుల్నా గ్రామం వరకూ నాలుగు కిలోమీటర్లు జీపులు వెళ్తాయి. ఆ తర్వాత ఘాంఘరియా దాకా సుమారు పది కిలోమీటర్లు నడక. పక్కనే లక్ష్మణగంగ హోరు. పైకెళ్లేకొద్దీ దట్టమయ్యే అడవి. మధ్యమధ్యలో టీ కొట్లు, వాటిల్లో వేడివేడి పరాఠాలు, మ్యాగీ. దాదాపు మూడువేల అడుగుల ఎత్తు ఎక్కాలి కాబట్టి మామూలు మనిషికి అయిదారు గంటలు పడుతుంది. నడవలేనివారికి కంచరగాడిదలున్నాయి. వీపున బుట్ట కట్టుకుని అందులో మనిషిని కూర్చోబెట్టి మోసుకెళ్లే కూలీలూ దొరుకుతారు.

ఈ బాటలో ఒంటరితనం అన్న మాటే ఉండదు. దీని మీద నడిచేవాళ్లలో ఎక్కువమంది హేమకుండ్ సాహిబ్‌కు వెళ్లే సిక్కు యాత్రికులు. పసిపిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, చేతికర్ర పట్టుకున్న తాతలు ‘వాహెగురు’ అనుకుంటూ ఎక్కుతుంటారు. ఎదురుపడితే పలకరిస్తారు. అలసి కూర్చున్నవారికి ‘ఇంకెంతో దూరం లేదు’ అని ధైర్యం చెబుతారు.

తొలి పాఠం కూడా ఈ బాటలోనే. మెడలో గంటలు మోగించుకుంటూ కంచరగాడిదల గుంపు వస్తుంటే లోయవైపు తప్పుకోకూడదు. కొండ గోడకు ఆనుకుని నిలబడాలి. గైడు ఉంటే రెక్క పట్టుకుని ఇవతలికి లాగేవాడు. ఇక్కడ ఎవరి జాగ్రత్త వారిదే.

సాయంత్రానికి ఘాంఘరియా వస్తుంది. సుమారు పదివేల అడుగుల ఎత్తులో ఇరుకైన వీధి, దానికి రెండువైపులా లాడ్జీలు, దుకాణాలు, ఓ పెద్ద గురుద్వారా. అక్కడ లంగరులో ఎవరికైనా భోజనం పెడతారు. జాతీయ పార్కు లోపల బస చేయడానికి వీల్లేదు కాబట్టి రాత్రి మకాం ఇక్కడే. చలికాలంలో ఈ ఊళ్లో మనుషులుండరు. యాత్రల సీజను అయిపోగానే దుకాణాలకు తాళాలేసి అందరూ కిందికి దిగిపోతారు.

ఎడమకు తిరిగితే...

ఊరు దాటగానే దారి రెండుగా చీలుతుంది. కుడివైపు హేమకుండ్, ఎడమవైపు పూల లోయ. ఎడమకు తిరిగిన కాసేపటికే కంచరగాడిదల గంటలు వినిపించడం మానేస్తాయి. వాటిని పార్కులోకి రానివ్వరు. అటవీశాఖ కౌంటరులో గుర్తింపు కార్డు చూపించి, రుసుము కట్టి, పర్మిట్ తీసుకుంటే ఇక ముందున్నది మన కాళ్లు, మన దారి.

ముందు అడవిలో నడక. తర్వాత పుష్పవతి నది మీద వంతెన. అది దాటాక నిట్టనిలువు ఎక్కుడు. దారి పక్కన భూర్జ వృక్షాలు కనిపిస్తాయి. కాగితం లేని కాలంలో మన పూర్వీకులు గ్రంథాలు రాసుకున్నది ఈ చెట్ల బెరడు మీదే. మూడు నాలుగు కిలోమీటర్లు ఎక్కి ఆయాసంతో తలెత్తేసరికి చెట్లు తప్పుకుంటాయి. రెండువైపులా మంచు శిఖరాలు, వాటి మీంచి దారాల్లా జారే జలపాతాలు, నడుమ నడుములెత్తు పూలమొక్కలు. కెమెరా తీసినవాళ్లు కూడా కాసేపు దాన్ని పక్కనపెట్టి చూస్తూ ఉండిపోతారు.

ఈ పార్కులో అయిదు వందలకు పైగా మొక్కల జాతులున్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. అవన్నీ ఒక్కసారే పూయవు. జూన్‌లో మంచు కరుగుతున్న చోట ప్రిములాలు తల ఎత్తుతాయి. జులై మధ్య నుంచి ఆగస్టు దాకా అసలైన సంబరం. గులాబీరంగు జెరేనియాలు, బాల్సమ్‌లు, పసుపు పొటెంటిల్లాలు, పడగ విప్పిన పాములా నిలబడే కోబ్రా లిల్లీలు... రాళ్ల సందుల్లో అదృష్టముంటే నీలి పాపీ కూడా కనిపిస్తుంది. మన గసగసాల మొక్కకు అది దగ్గరి చుట్టం. సెప్టెంబరు వచ్చేసరికి పూలు విత్తనాలుగా మారి లోయ గోధుమరంగుకు తిరుగుతుంది. అప్పుడు జనం తక్కువ, ఆకాశం నిర్మలం. అందుకే ఈ నెలనే ఇష్టపడేవాళ్లూ ఉన్నారు.

దారి మార్చుకుంటే దొరికింది!

ఈ లోయను ప్రపంచానికి పరిచయం చేసినవాడు ఫ్రాంక్ స్మిత్ అనే బ్రిటిష్ పర్వతారోహకుడు. 1931లో ఆయన బృందం 7,756 మీటర్ల కామెట్ శిఖరాన్ని ఎక్కింది. అప్పటివరకూ మనిషి కాలు మోపిన శిఖరాలన్నింటిలోకీ అదే ఎత్తయినది. తిరుగు ప్రయాణంలో ఓ కనుమ దాటి కిందికి దిగుతుంటే ఈ పూలు కనిపించాయి. ఆ దృశ్యాన్ని మర్చిపోలేక 1937లో మళ్లీ వచ్చి ఇక్కడే మకాం పెట్టాడు. మొక్కలు, విత్తనాలు సేకరించాడు. మరుసటేడాది ‘ద వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్’ పేరుతో పుస్తకం తెచ్చాడు. లోయకు ఆ పేరే స్థిరపడిపోయింది.

ఆ తర్వాత 1939లో జోన్ మార్గరెట్ లెగ్ అనే ఆంగ్ల వనిత మొక్కల సేకరణకు వచ్చింది. రాతివాలు మీద పూలు కోస్తూ జారిపడి చనిపోయింది. లోయలోనే ఆమెను సమాధి చేశారు. తర్వాత సోదరి వచ్చి అక్కడ ఫలకం పెట్టించింది. ఇప్పటికీ చాలామంది ఆ సమాధి దాకా నడిచి, ఓ నిమిషం నిలబడి వెనక్కి తిరుగుతారు. పూల మధ్య ఉన్న ఆ రాయి, తడిసిన వాలు ఎంత ప్రమాదమో ఏ బోర్డూ చెప్పనంత గట్టిగా చెబుతుంది.

గొర్రెలు వెళ్లిపోయాక...

స్మిత్ ‘కనుక్కోవడానికి’ ఎంతో ముందే ఈ లోయ స్థానికులకు తెలుసు. కింద ఉన్న భ్యూందార్ గ్రామస్థులు వేసవి రాగానే గొర్రెల్ని, పశువుల్ని ఇక్కడికి తోలుకొచ్చేవారు. ఇది వనదేవతలు తిరిగే చోటని, ఎక్కువసేపు ఉంటే ఎత్తుకుపోతాయని పెద్దలు చెప్పుకునేవారు.

1982లో జాతీయ పార్కుగా ప్రకటించాక మేత ఆపేశారు. పూలను కాపాడటానికే ఆ పని చేశారు. కానీ తరాలుగా లోయను నమ్ముకున్న కుటుంబాలకు అది పెద్ద దెబ్బ. ఆ తర్వాత పొలిగోనమ్ అనే మొక్క లోయలో గుబురుగా పెరిగి మిగతా పూలకు చోటు లేకుండా చేస్తోందన్న ఆందోళన మొదలైంది. గొర్రెలు తొక్కుతూ మేస్తూ ఉంటే అది అదుపులో ఉండేదని కొందరి వాదన. మేత ఆగడమొక్కటే కారణం కాదని మరికొందరు శాస్త్రవేత్తలంటారు. వాదన సంగతెలా ఉన్నా, ఆ మొక్కల్ని పీకించే పని అటవీశాఖకు తప్పడం లేదు.

మరి ఆ కాపరుల పిల్లలేం చేస్తున్నారు? లాడ్జీలు, టీ కొట్లు నడుపుతున్నారు. కంచరగాడిదల్ని తిప్పుతున్నారు. యాత్రికులు పారేసిన చెత్త బాటపొడవునా పేరుకుపోతుంటే, గ్రామస్థులే ఎకో డెవలప్‌మెంట్ కమిటీగా ఏర్పడి శుభ్రం చేసే పని తలకెత్తుకున్నారు. 2013 జూన్ వరదలు వారిని మరోసారి కుదిపేశాయి. భ్యూందార్ దెబ్బతింది. వంతెనలు, కాలిబాట కొట్టుకుపోయాయి. లోయలోకి దారి మళ్లీ వేయాల్సి వచ్చింది. ఇప్పుడు పర్యాటకుడు హాయిగా నడుస్తున్నది ఆ కొత్త బాట మీదే.

అంటే... తమ పశువుల్ని కూడా లోపలికి తీసుకెళ్లలేని ఊరివాళ్లు, ఎక్కణ్నుంచో వచ్చిన కొత్తవాళ్లకు దారి ఊడ్చిపెడుతున్నారు. గైడు లేకుండా తిరిగే స్వేచ్ఛ వెనకున్న అసలు ఖరీదు అది. అందుకే బాట దిగి పూలలోకి వెళ్లి ఫొటో దిగడం, ఒక్క పువ్వే కదా అని తుంచడం, బిస్కెట్ కాగితం రాయి కింద దాచడం... చూసేవాళ్లు లేకపోయినా చేయకూడని పనులు.

గడియారం చూసుకోండి!

సొంతంగా నడిచేవారికి అన్నిటికన్నా ముఖ్యమైనది సమయం. పార్కు ఉదయం 7 గంటలకు తెరుచుకుంటుంది. సాయంత్రం 5 కల్లా అందరూ బయటికి వచ్చేయాలి. ఆలస్యంగా వస్తే లోపలికి పంపరు. లోపల దుకాణాలుండవు. మధ్యాహ్నం తినడానికి రొట్టెలో పరాఠాలో ఘాంఘరియాలోనే కట్టించుకోవాలి. ఎంత దూరం వెళ్లామన్నది కాదు, ఎప్పుడు వెనక్కి తిరిగామన్నదే లెక్క. పిల్లలతో వెళ్లేవారు ముందే ఓ వేళ అనుకుని, అప్పటికి లోయ చివర కనిపిస్తున్నా సరే తిరిగిపోవడం మేలు. నల్ల ఎలుగులు, కస్తూరి మృగాలు తిరిగే అడవి ఇది. చీకటి పడ్డాక మనకు పనిలేదు.

రెండోది ఎత్తు. తలనొప్పి, వాంతులు, తూలడం కనిపిస్తే ‘ఇంకాస్త ఎక్కితే సర్దుకుంటుంది’ అనుకోకూడదు. కిందికి దిగిపోవడమే మందు. గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవారు బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి.

మూడోది వాన. విచిత్రమేమిటంటే పూలు విరగబూసే రోజులూ, కొండచరియలు విరిగిపడే రోజులూ ఒకటే. 2025 మార్చిలో చరియలు పడి గోవింద్‌ఘాట్ వంతెనే కూలింది. కాబట్టి తిరుగు రైలుకు టికెట్ తీసుకునేటప్పుడు రెండ్రోజులు అదనంగా ఉంచుకోవాలి. దారి మూసుకుపోతే ఆ రెండ్రోజులే ఆదుకుంటాయి. దారి బాగుంటే లోయను రెండోసారి చూడొచ్చు. నిన్న మొగ్గగా చూసింది ఇవాళ విచ్చుకుని ఉంటుంది!

వెళ్లాలంటే...

* ఎప్పుడు: పార్కు సాధారణంగా జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకూ తెరిచి ఉంటుంది. పూల కోసమైతే జులై మధ్య నుంచి ఆగస్టు చివరి దాకా.

* ఎలా: రైల్లో దిల్లీ మీదుగా హరిద్వార్ లేదా రిషీకేశ్. విమానంలో అయితే దేహ్రాదూన్. రిషీకేశ్ నుంచి జోషీమఠ్ సుమారు 250 కిలోమీటర్లు, ఒక పగలంతా ప్రయాణం. 2024లో ఈ ఊరి పేరును జ్యోతిర్మఠ్‌గా మార్చారు. నేల కుంగి 2023 జనవరిలో వందల ఇళ్లు బీటలువారింది ఇక్కడే. గోవింద్‌ఘాట్ ఇంకో 20 కిలోమీటర్లు.

* ఎన్ని రోజులు: రిషీకేశ్ నుంచి మళ్లీ రిషీకేశ్ చేరడానికి కనీసం ఆరు రోజులు. బదరీ దర్శనం కూడా కలుపుకుంటే మరో రోజు.

* హేమకుండ్: ఘాంఘరియా నుంచి ఆరు కిలోమీటర్ల నిట్టనిలువు దారి. ఎత్తు 14 వేల అడుగులకు పైనే. బ్రహ్మకమలాలు చూడాలంటే ఆ దారిలోనే. రాత్రి అక్కడ ఉండనివ్వరు. ముందురోజు లోయ చూసి, ఎత్తు అలవాటయ్యాక వెళ్తే మంచిది.

* సంచిలో: పట్టున్న బూట్లు, రెయిన్‌కోటు, ఉన్ని బట్టలు, టార్చి, చేతికర్ర, మందులు, సరిపడా నగదు, గుర్తింపు కార్డు. వీటితోపాటు ఓ ఖాళీ సంచి... మన చెత్త మనతోనే తిరిగి రావడానికి!